నలభై దాటాక లారీ ఉద్యోగం

(రేడియోలో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

ఈ పూట నేను మాట్లాడబోయే విషయం చెబితే "ఇది ఆడవాళ్ళ కార్యక్రమంలో చెప్పుకునే సంగతేనా?" అని మీలో కొందరైనా అనుకుంటారు. ఊరగాయల గురించి కాదు, పిల్లల పరీక్షల గురించి కాదు. లారీ డ్రైవరు ఉద్యోగం గురించి. అదీ ఇరవై యేళ్ళ కుర్రవాడికి కాదు. ఒక ఉద్యోగంలో సగం వయసు గడిపి, నలభై దాటాక అది కాస్తా పోయి, ఇంటిపట్టున కూర్చున్న మనిషికి మొదటి లారీ ఎలా చేతికొస్తుందీ అన్న సంగతి. ఇది మగవాళ్ళు చూసుకునే వ్యవహారమని తోసేయకండి. ఆ కూర్చున్న మనిషి మన ముందుగదిలోనే కూర్చుంటాడు. ఇంటద్దె, పిల్లల ఫీజు మన కొంగుముడిలోంచే వెళ్ళాలి. పైగా ఆయన ఎక్కడ తొందరపడతాడో, ఎక్కడ మొహమాటపడి మోసపోతాడో మనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు.

మా ఇంటి కథే చెబుతాను. మా వారు విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీ గోడౌనులో లెక్కలు రాసేవారు. పదిహేడేళ్ళు రాశారు. 2020లో, కరోనా వచ్చిన యేడు, ఆ కంపెనీ మూతపడింది. అప్పటికి ఆయనకి నలభై మూడు. ఏ ఆఫీసుకి వెళ్ళినా ముందు వయసు అడిగేవారు, తరవాత కంప్యూటరు అడిగేవారు, ఆ తరవాత "ఫోన్ చేస్తామండీ" అనేవారు. ఆరు నెలలు ఆ ఫోను కోసం చూశాం. ఒకనాడు అన్నం తింటూ "లారీ నేర్చుకుంటానే" అన్నారు. గోడౌనులో పదిహేడేళ్ళూ వచ్చే లారీలు, పోయే లారీలు రాసిన మనిషి గనక ఆయనకి ఆ ప్రపంచం కొత్తకాదు. నాకే కొత్త. నిజం చెప్పాలంటే నాకు భయంకంటే ముందు సిగ్గు వేసింది. ఇన్నాళ్ళూ గుమాస్తాగారి భార్యని, రేపటినుంచి లారీ డ్రైవరు భార్యనవుతానా అని. ఆ మాట పైకి అనలేదు. అయినా ఆయనకి తెలిసిపోయింది.

ముందు లైసెన్సు సంగతి చెప్పేస్తాను. ఇదే పెద్ద గండం అనుకుంటాం గాని, నిజానికి ఇదే సులువైన భాగం. పెద్ద లారీ నడపడానికి లైసెన్సు కావాలంటే, అంతకు ముందు కారులాంటి తేలిక వాహనం లైసెన్సు కనీసం ఒక ఏడాదిపాటు చేతిలో వుండి తీరాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో వున్న మాట ఇది. కారు లైసెన్సు కూడా లేని మనిషికి "రెండు నెలల్లో హెవీ లైసెన్సు ఇప్పిస్తాను" అని ఎవరైనా అంటే, ఆ మనిషికి టీ ఇచ్చి పంపించేయండి. డబ్బు మాత్రం ఇవ్వకండి. ఇదివరకు ఎనిమిదో తరగతి ప్యాసై వుండాలనే నియమం వుండేది. 2019లో దాన్ని తీసేశారు. అంచేత చదువు ఆగిపోయిందని ఎవరూ వెనకాడనక్కరలేదు. లైసెన్సు ఇచ్చాక అయిదేళ్ళకోసారి మళ్ళీ కొత్తది చేయించుకోవాలి. పెట్రోలు, గ్యాసు, యాసిడ్ లాంటి ప్రమాదకరమైన సరుకు మోసే లారీలకయితే వేరే శిక్షణ పొందాలి, ఆ అనుమతి మూడేళ్ళే.

శిక్షణకి మామూలు డ్రైవింగు స్కూళ్ళున్నాయి. 2021 తరవాత ప్రభుత్వ గుర్తింపుతో పెద్ద శిక్షణ కేంద్రాలు కూడా వచ్చాయి. వాటిల్లో పెద్ద బండికి ఆరు వారాల్లో 38 గంటలు నేర్పాలని నియమం. అక్కడ పరీక్ష ప్యాసైతే మళ్ళీ ఆర్.టి.ఓ. ఆఫీసులో బండి తోలి చూపించనక్కరలేదు. కొంచెం దూరమైనా, కొంచెం ఖర్చయినా అటువంటి చోట నేర్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మా వారు చేరిన స్కూల్లో ఒక్క లారీకి తొమ్మిదిమంది శిష్యులు. ఖాళీ లారీ, ఖాళీ మైదానం. నెల తిరిగేసరికి లైసెన్సు వచ్చింది గాని, నిండు లోడుతో లారీ ఎలా వుంటుందో ఆయన చూడనే లేదు.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని ఇంకొకటుంది. స్కూలుకి డబ్బు కట్టకముందే కళ్ళు, బి.పి., షుగరు చూపించాలి. లారీ లైసెన్సుకి డాక్టరు సంతకం చేసే 1-ఎ ఫారం వుంటుంది. పాతిక మీటర్ల దూరంలో కారు నంబరు చదవగలడా, ఎరుపూ ఆకుపచ్చా విడివిడిగా పోల్చుకోగలడా, రేచీకటి వుందా, చెవులు వినిపిస్తాయా అని అందులో అడుగుతారు. కొన్నిచోట్ల ఆ ఫారం మనిషిని చూడకుండానే నింపేస్తారు. అలా నింపించుకుంటే మోసపోయేది ఎవరు? మనమే. నలభై దాటాక చత్వారం ఎలాగూ వస్తుంది. దానికి అద్దాలు చాలు. కాని ఎదురుగా వచ్చే బండి లైటు కళ్ళలో పడితే ఎంతసేపటికి చూపు తేరుకుంటోందో కంటి డాక్టరునే అడగాలి. షుగరు మాత్రలు వేసుకునేవారయితే, అన్నం వేళ తప్పినప్పుడు కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం వుందేమో దాచకుండా చెప్పాలి. ఇంట్లో మనకి తెలిసినవే ఇవన్నీ. మా వారికి బి.పి. కొంచెం వుందని తేలింది. మాత్ర మొదలుపెట్టి, రెండు నెలలు ఆగి, అప్పుడు స్కూల్లో చేరారు.

సరే, లైసెన్సు వచ్చింది. దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నాం. అసలు కథ అక్కడినుంచి మొదలైంది.

లారీల యజమానులు ఎవరిని కదిపినా "డ్రైవర్లు దొరకడం లేదమ్మా, బండ్లు ఖాళీగా నిలబెట్టుకుంటున్నాం" అంటారు. పేపర్లలోనూ అదే రాస్తారు. మా వారు వెళ్ళి "నేనున్నానండీ" అంటే మాత్రం ఒక్కరూ లారీ ఇవ్వలేదు. ఆటోనగర్‌లో పదకొండు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు తిరిగారు. అందరూ ఒకటే ప్రశ్న. "ఎన్నేళ్ళు తోలావు?" లారీ ఇస్తేగదా తోలిన ఏళ్ళు వచ్చేది! రోజూ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చెప్పులు విడిచే చప్పుడులోనే ఆ రోజు సంగతి నాకు తెలిసిపోయేది.

అప్పట్లో నాకు ఆ యజమానుల మీద చాలా కోపం వుండేది. ఇప్పుడు లేదు. వాళ్ళ వైపునుంచి ఒకసారి చూడండి. ఒక లారీ అంటే ముప్ఫై, నలభై లక్షల ఆస్తి. దాన్ని ఎక్కువమంది నగదు పోసి కొనరు, ఫైనాన్సులో కొంటారు. లారీ తిరిగినా తిరగకపోయినా నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి. దాని మీద ఇంకొకరి సరుకు, లారీకంటే విలువైనది కూడా కావచ్చు. అదంతా తీసుకెళ్ళి, నిన్నటిదాకా పెన్ను పట్టుకున్న మనిషి చేతిలో పెట్టి, మూడు రాష్ట్రాల అవతలికి పంపాలి. పెద్దగా ప్రమాదాలే జరగనక్కరలేదు. గేరు సరిగ్గా వేయడం రాకపోతే క్లచ్చి పోతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది. రివర్సు రాకపోతే గోడౌను గోడ పోతుంది. టైర్లలో గాలి చూసుకోకపోతే టైరు పోతుంది, ఒక్కొక్క టైరూ వేలల్లో వుంటుంది. ఇవన్నీ లైసెన్సు కార్డు మీద కనిపించవు. అందుకని వాళ్ళు కార్డు చూడరు. ఈ మనిషి గురించి మాట చెప్పేవారెవరున్నారని చూస్తారు. లారీ లోకంలో మొదటి ఉద్యోగం దరఖాస్తుతో రాదండీ. ఇంకొక డ్రైవరు నోటి మాటతో వస్తుంది.

ఆ నోటి మాట ఎలా సంపాదించాలి? దానికి రెండు దారులున్నాయి.

మొదటి దారి చిన్న బండి. ఊళ్ళో షాపులకి సరుకు వేసే చిన్న ట్రక్కులు చూస్తూంటారుగా, "చోటా హాథీ" అంటారు. పార్సిళ్ళు పంచే వ్యాన్లు, హైదరాబాదులో "డి.సి.ఎం." అని పిలిచే మధ్యరకం బండ్లు కూడా ఈ వరసలోవే. వీటిలో లోడుతో కలిపి 7,500 కిలోలు దాటని బండి అయితే, దాన్ని నడపడానికి కారు లైసెన్సే చాలు. సుప్రీంకోర్టు ఈ మాట 2017లోనే చెప్పింది. దాని మీద మళ్ళీ అనుమానాలొస్తే 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే ఖాయం చేసింది. అంటే కారు లైసెన్సు వున్న మనిషి పెద్ద లైసెన్సు కోసం ఎదురుచూసే ఆ ఏడాది ఇంట్లో కూర్చోనక్కరలేదు. చిన్న బండి తోలుతూ సంపాదించుకోవచ్చు, సరుకు ఎక్కించడం దించడం, బిల్లులు, ఈ-వే బిల్లు, ఇరుకు సందుల్లో రివర్సు అన్నీ నేర్చుకోవచ్చు. ఇది మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పివుంటే ఆ ఆరు నెలల ఫోను కోసం చూసేవాళ్ళం కాదు.

రెండో దారి, పెద్ద లారీ మీద రెండో డ్రైవరుగా వెళ్ళడం. మా వారికి దొరికింది ఇదే, అదీ తాడు మూలాన దొరికింది. పదకొండు ఆఫీసులూ అయ్యాక ఆయన ఆఫీసులకి వెళ్ళడం మానేసి, లారీలు లోడయ్యే చోటికి వెళ్ళి టీకొట్టు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకరోజు ఒక ముసలి డ్రైవరు, అరవైకి దగ్గరగా వుంటాయి, క్లీనరు రాక ఒక్కడే లోడు మీద పట్టా కప్పుకుంటున్నాడట. ఈయన వెళ్ళి అవతలి కొస పట్టుకున్నారు. పట్టా కప్పడం వచ్చింది గాని తాడు బిగించడం రాలేదు. ఆ ముడి మామూలు ముడి కాదు. లాగితే బిగియాలి, విప్పేటప్పుడు ఒక్క గుంజుకి రావాలి. ముసలాయన నవ్వి, "ఏం పని చేసేవాడివయ్యా?" అని అడిగాడు. గోడౌను గుమాస్తానని చెప్పారు. "అయితే నువ్వు మాకు బిల్లులు రాసిచ్చి ఎండలో నిలబెట్టినవాడివన్నమాట" అన్నాడట. మర్నాడు మళ్ళీ వెళ్ళారు. ఆ మర్నాడూ వెళ్ళారు. ఇంట్లో కిటికీ ఊచలకి చీరలు ఆరేసుకునే తాడు కట్టి ఆ ముడి సాధన చేస్తూంటే మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. పదిహేను రోజులయ్యాక ఆ ముసలాయనే తన యజమానికి చెప్పాడు. "తోలడం సంగతి తరవాత, మనిషి తాగడు, లెక్క తప్పడు, వయసు మీరినవాడు గనక ఎగిరిపడడు" అని. వయసు పనికొచ్చిన చోటు అదొక్కటే మాకు కనిపించింది. ఇంతకీ ఆ యజమానికి వున్నవి రెండే లారీలు. పెద్ద కంపెనీలు కొత్తవాళ్ళని తీసుకోవని కాదు, కొన్ని తామే శిక్షణ ఇచ్చి తీసుకుంటాయి కూడా. కాని నలభై దాటినవారికి ఒకటి రెండు లారీలున్న చిన్న యజమాని దగ్గరే తలుపు తొందరగా తెరుచుకుంటుందని నాకు తోస్తుంది. అక్కడ నిర్ణయించేది ఒక్క మనిషి, ఆ మనిషి టీకొట్టు దగ్గర దొరుకుతాడు.

మొదటి ట్రిప్పు గుంటూరు నుంచి మిర్చి టిక్కీలు. మిర్చి బరువుకంటే ఎత్తు ఎక్కువ వుండే లోడు. మలుపులో లారీ ఒక పక్కకి ఊగుతుంది. వాన చుక్క లోపలికి పోతే సరుకు పాడయి, ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందా అని వాదులాట. రోడ్డు నిదానంగా వున్నచోట ముసలాయన స్టీరింగు ఇచ్చేవాడట. తిరుగు లోడు దించడానికి మిర్యాలగూడలో ఒక రైసుమిల్లుకి వెళ్ళారు. అక్కడ లారీని గేటులోంచి వెనక్కి పెట్టమన్నాడు. అటూ ఇటూ గజం ఖాళీ లేదు. మా వారికి నలభై నిమిషాలు పట్టింది. హమాలీలు బీడీలు కాల్చుకుంటూ వినోదం చూశారు. ఇద్దరు ముగ్గురు ఏవో మాటలన్నారు కూడా. నలభై మూడేళ్ళ వయసులో, తనకంటే చిన్నవాళ్ళ ముందు అలా చెమటలు కక్కుతూ నేర్చుకోవడం వుందే, అది లైసెన్సు పరీక్షకంటే కష్టమైన పరీక్ష. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ ఆయన నవ్వారు గాని, నేను నవ్వలేదు. ఆ నలభై నిమిషాలూ ముసలాయన దిగి వెళ్ళి తాను పెట్టేయకుండా, పక్కనే నిలబడి చెయ్యి చూపిస్తూ వుండిపోయాడట. అటువంటి మనిషి దొరకడం అదృష్టం. మొదటి ఉద్యోగంలో జీతంకంటే ముందు ఎవరి పక్కన కూర్చోబోతున్నాడో అడగండని నేను ఎవరికైనా చెబుతాను.

జీతం అనవసరం అని కాదండోయ్. ఇక్కడే మేము దెబ్బ తిన్నాం. మొహమాటానికి పోయి మొదటి యజమాని దగ్గర ఏమీ మాట్లాడుకోలేదు. "పని నేర్పిస్తున్నాడు, అదే పదివేలు" అనుకున్నాం. నాలుగో నెలలో దారిలో టైరు పేలింది. అరిగిపోయిన టైరే అది. బయలుదేరే ముందు మా వారు చూపించారు కూడా. "ఈ ట్రిప్పుకి లాగించు" అన్నాడు యజమాని. పేలాక ఆ టైరు డబ్బు జీతంలో కోసుకున్నాడు. రెండు నెలలు మాకు బత్తా తప్ప ఇంకేమీ రాలేదు. అడగడానికి కాగితం ముక్క లేదు. ఆ రెండు నెలలూ ఇల్లు ఎలా గడిచిందో చెప్పి మిమ్మల్ని బాధపెట్టను. నా గాజులు తాకట్టు పెట్టాను, తరవాత విడిపించుకున్నాను, అంతే.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టాను. కొత్త యజమాని దగ్గర చేరేముందు అడగవలసినవి అందులో వున్నాయి. జీతం నెలకా, ట్రిప్పుకా? బత్తా రోజుకి ఎంత, సరుకు దించకుండా అవతలి ఊళ్ళో రెండు మూడు రోజులు నిలబెట్టేస్తే ఆ రోజులకి బత్తా వుందా? డీజిలు, టోలు, పంక్చరు, లోడింగు దగ్గర అడిగే మామూళ్ళు ఎవరి ఖర్చు? సరుకులో తరుగొస్తే ఎవరు కట్టాలి? లారీ ఇన్సూరెన్సు కాగితంలో డ్రైవరు కోసం కట్టిన భాగం వుందా, లేక బండికొక్కదానికేనా? పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. వున్నాయా? కాగితం మీద రాసివ్వమంటే చాలామంది ముఖం చిట్లిస్తారు. అప్పుడు మా వారు చేసే పని ఏమిటంటే, మాట్లాడుకున్నదంతా ఇంటికొచ్చి ఫోనులో టైపు చేసి, "అయ్యా, మనం ఇలా అనుకున్నాం గదా" అని యజమానికే పంపుతారు. వాళ్ళు "సరే" అని జవాబిస్తే అదే మాకు కాగితం. ఇంకొక సంగతి, లైసెన్సు అసలు కార్డు తన దగ్గర పెట్టుకుంటానని కొందరు యజమానులు అడుగుతారు, మనిషి పారిపోకుండా. ఇవ్వకూడదు. జిరాక్సు ఇవ్వండి, ఎన్ని కావాలంటే అన్ని ఇవ్వండి.

ఓవర్‌లోడు సంగతి ప్రత్యేకించి చెప్పాలి. మోయవలసినదానికంటే ఎక్కువ బరువు వేస్తే 20,000 రూపాయలు జరిమానా, పైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. చట్టంలో నడిపినవాడు, నడిపించినవాడు అని ఇద్దరి మాటా వుంది. యజమాని ఇంట్లో వుంటాడు, దొరికేది స్టీరింగు దగ్గరున్నవాడు. పైగా ఆ బరువుతో బ్రేకు వేస్తే లారీ మనం అనుకున్న చోట ఆగదు. కాటా చీటీ చూడకుండా బయలుదేరనని చెప్పడం కొత్తవాడికి కష్టమే. ఉద్యోగం పోతుందేమోనని భయం వుంటుంది. మా వారు రెండో ఏడు ఒకసారి అలా చెప్పి ఒక ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఇంటికొచ్చి తలుపు తీయగానే, "మానేశానే" అన్నారు. "మంచిపని చేశారు" అన్నాను. లోపల గుండె జారిపోయింది, అది వేరే సంగతి. ఇంట్లోవాళ్ళు ఆ రెండు మాటలూ అనగలిగితేనే ఆ మనిషి అక్కడ "వద్దు" అనగలుగుతాడు.

అలాగే ఫైనాన్సువాళ్ళ సంగతి. లైసెన్సు వచ్చిన రెండో వారంలోనే ఒకాయన మా ఇంటికొచ్చాడు. ఉద్యోగం ఎందుకు, కొంచెం డబ్బు ముందు కట్టండి, లారీ మీదే అన్నాడు. మా వారి కళ్ళు మెరిశాయి. పి.ఎఫ్. డబ్బు బ్యాంకులో వుంది మరి. నేను ఒక్క ప్రశ్న అడిగాను, "నెలరోజులు లోడు దొరక్కపోతే వాయిదా ఎవరు కడతారండీ?" అని. ఆయన నాకు కాకుండా మా వారికి జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. తోలడం రాని మనిషి, కిరాయిలు తెలియని మనిషి మొదటి లారీ తానే కొనుక్కుంటే, నేర్చుకోవడానికి చేసే పొరపాట్లన్నీ సొంత డబ్బుతో చేసినట్టవుతుంది. అయిదేళ్ళు తోలాక కొనుక్కునేవాళ్ళున్నారు, బాగుపడ్డవాళ్ళున్నారు. మొదటి ఏడు మాత్రం వద్దు.

ఇక నిద్ర. రాత్రి రెండు గంటలనుంచి తెల్లవారుజాము అయిదు దాకా మనిషి ఒళ్ళు నిద్రకి లొంగిపోయే వేళ. ఎంత టీ తాగినా, ఎంత పాటలు పెట్టుకున్నా కళ్ళు తెరిచే కునుకు వస్తుంది. ఆ కునుకు వచ్చినట్టు ఆ మనిషికే తెలియదు. నలభై దాటినవాళ్ళకి కొత్తగా రాత్రి డ్యూటీ అలవాటు కావడానికి కుర్రవాళ్ళకంటే ఎక్కువ రోజులు పడుతుంది. 1961లోనే మోటారు రవాణా కార్మికులకి రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది అని చట్టం చేశారు. ఆ చట్టాన్ని తరవాత 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపారు, ఎనిమిది గంటల మాట మాత్రం మారలేదు. రోడ్డు మీద అది ఎంతమంది పాటిస్తున్నారో మీకూ తెలుసు. మా వారు, ముసలాయన నేర్పిన పద్ధతి ప్రకారం, రెండింటికి పెట్రోలు బంకులో లారీ ఆపి అయిదు దాకా పడుకుంటారు. ఆలస్యమైందని యజమాని నాలుగు మాటలంటాడు. అనిపించుకుంటారు. 2025 అక్టోబరు 1 తరవాత తయారయ్యే లారీల్లో డ్రైవరు క్యాబినుకి ఏసీ వుండి తీరాలని నియమం వచ్చింది. కాని కొత్తవాడి చేతికి వచ్చేది పాత లారీయే గనక, మే నెలలో ఇంజను పక్కన ఆ వేడి ఇంకా కొన్నేళ్ళు తప్పదు. మజ్జిగ సీసాలు, ఉప్పూ పంచదార కలిపిన నీళ్ళు మన చేతిలోని పని. పులిహోర ఒక పూటకి నిలుస్తుంది, చింతకాయపచ్చడి, కందిపొడి ఎన్ని రోజులైనా నిలుస్తాయి. కొబ్బరి వేసినవి పెట్టకండి, మధ్యాహ్నానికే పాడవుతాయి.

ఫోను గురించి మొదట్లో నేనే తప్పు చేశాను. గంట గంటకీ "ఎక్కడున్నారు?" అని చేసేదాన్ని. ఒకసారి ఆయన ఎత్తి, మాట్లాడుతూండగానే హారను, బ్రేకుల చప్పుడు వినిపించాయి. ఏమీ కాలేదు. కాని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాటినుంచి మేమొక ఏర్పాటు చేసుకున్నాం. లారీ ఆపినప్పుడు ఆయనే చేస్తారు, నేను చేయను. ఇంట్లో ఎంత అవసరమైనా ఒక మెసేజీ పెట్టి వూరుకుంటాను. అది చెప్పినంత తేలిక కాదని ఒప్పుకుంటాను.

ఈ సంగతులన్నీ చెబుతూంటే మా పక్కింటి వదినగారు, "మగవాళ్ళ సంగతి సరే, భర్తపోయి, నలభై యేళ్ళు వచ్చిన ఆడదానికి ఈ దారి వుందా?" అని అడిగారు. వుంది. భోపాల్‌లో యోగితా రఘువంశీ గారని, లా చదివిన మనిషి, భర్త పోయాక పిల్లల్ని పెంచుకోవడానికి లారీ డ్రైవరయ్యారు. మొదట తాను తోలలేదు, డ్రైవరుని పెట్టుకున్నారు. అతను హైదరాబాదు దగ్గర లారీని ప్రమాదంలో పెట్టి పారిపోతే, తానే ఇక్కడికి వచ్చి బాగుచేయించుకుని వెళ్ళి, ఇక ఒకరి మీద ఆధారపడనని స్టీరింగు నేర్చుకున్నారని పత్రికల్లో వచ్చింది. మన తెలంగాణ నుంచి వెళ్ళిన సరితగారు 2015లో ఢిల్లీ సిటీ బస్సుల సంస్థలో మొదటి మహిళా డ్రైవరుగా చేరారు. అలాగని ఎవరు పడితే వారు రేపే దూరప్రయాణపు లారీ ఎక్కేయమని నేను చెప్పను. దారిలో ఆడవాళ్ళకి స్నానానికి, నిద్రకి చోటు దొరకడం ఇప్పటికీ కష్టమే. కాని నేను చెప్పిన చిన్న బండి వుందే, పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే పని, అది ఆడవాళ్ళకీ బాగా సరిపోయేదే. వదినగారు కారు లైసెన్సుకి అప్లికేషను పెట్టారు. ఆవిడకి నలభై ఒకటి. ఎల్.ఎల్.ఆర్. వచ్చింది, స్టీరింగు తిప్పడం వస్తోందిట, క్లచ్చి దగ్గరే ఇంకా తడబడుతున్నారు.

మా వారికి లారీ ఎక్కి నాలుగేళ్ళు దాటింది. ఇప్పుడు ఆయన పనిచేసేది మూడో యజమాని దగ్గర, ముగ్గురిలో కాస్త మంచివాడు. గుమాస్తాగా తెచ్చినదానికంటే కొంచెం ఎక్కువే తెస్తున్నారు, నెలలో పది పన్నెండు రాత్రులు మాత్రం ఇంట్లో వుండరు. మొదటి ఏడు నేను చుట్టాలతో "ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేస్తున్నారండీ" అని చెప్పుకుంటూ వచ్చాను. మా అమ్మాయికి కాలేజీలో సీటు వచ్చినప్పుడు ఫారం నింపుతూ, తండ్రి వృత్తి అన్నచోట నేను కలం ఆపాను. అది నా చేతిలోంచి కలం తీసుకుని "లారీ డ్రైవరు" అని రాసి, తండ్రి చేత సంతకం పెట్టించుకుని వెళ్ళింది.

లైసెన్సు, ఆధారు, 1-ఎ ఫారం, ఫోటోలు, అన్నీ మూడేసి కాపీలు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, తలుపు దగ్గర కొక్కేనికి తగిలించి వుంచండి. పిలుపు వచ్చేది ఎప్పుడూ రాత్రి పదింటికే, తెల్లారి నాలుగింటికి బయలుదేరమనే. వెతుక్కోవడానికి టైము వుండదు. సెలవు.